చలికాలపు ముస్తాబు

ఆ వీధిలో పొద్దున పూట బస్సు కోసం నిలబడేవాళ్ళకి ఆమె పేరు తెలియదు. పెద్ద బట్టల దుకాణం అద్దాల వెనక, బొమ్మల మధ్య, పెదాల సందున గుండుసూదులు కరుచుకుని తిరిగే మనిషి కాబట్టి అద్దాలావిడ అనేవారు. రానురాను దుకాణంలోవాళ్ళకీ అదే నోటికి అలవాటైంది. మేనేజరు ఒక్కడే "మేడమ్" అనేవాడు. అలా అన్నాడంటే ఏదో అదనపు పని నెత్తిన పడబోతోందని లెక్క.

మొదట్లో ఆమెకీ ఆ అద్దాలకీ ఏ సంబంధమూ లేదు. వెనక గదిలో ఇస్త్రీ బల్ల పక్కన మిషను మీద కూర్చుని, జనం కొన్న ప్యాంట్లకు పొడవు తగ్గించేది, నడుములు వదులు చేసేది. మనుషుల ముఖాలకన్నా వాళ్ళ నడుములే ఆమెకు బాగా గుర్తుండేవి. బొమ్మలకు బట్టలు తొడిగే ముసలాయన మోకాళ్ళ నొప్పులతో పని మానేసిన ఏడు, కొత్తవాడు దొరికేదాకా నువ్వు చూడమ్మా అన్నారు. ఆమె చూసింది. కొత్తవాణ్ణి వెతకడం అందరూ మరిచిపోయారు.

ఎండాకాలం పని ఆమెకు బొత్తిగా నచ్చేది కాదు. బొమ్మకొక చొక్కా తొడిగితే అయిపోయె. చలి మొదలైతేనే చేతికి అసలు పని. లోపలిది, మధ్యది, పైది, మెడలోది, ఒకదాని మీద ఒకటి వేస్తూ పోవాలి. వేసినవన్నీ కొంచెం కొంచెం కనపడాలి. అయినా మనిషి మూట కట్టినట్టు ఉండకూడదు. అమ్మకాల్లో కొత్తగా చేరిన పిల్ల ఒకతె ఉండేది. నోరు మూతపడదు కాబట్టి చిలక అని పేరు పడింది. ఆ పిల్ల సూదుల డబ్బా పట్టుకుని పక్కన నిలబడితే, ఆమె పని చేస్తూనే చెప్పేది.

"ఒంటికి అంటుకునేది పల్చగా ఉండాలి. దాని మీద వెచ్చనిది. ఆ పైన గాలిని ఆపేది. ఇంతవరకూ మీ అమ్మమ్మకి కూడా తెలుసు."

"మా అమ్మమ్మ స్వెటర్ మీద స్వెటర్ వేసి, దాని మీద తాతయ్య కోటు తగిలించుకుంటుందక్కా. బీరువా నడిచొస్తున్నట్టు ఉంటుంది."

"అదే నేను చెప్పేది. పొడుగు చొక్కా లోపల, పొట్టి స్వెటర్ పైన వేసి చూడు, అంచు తొంగి చూస్తుంది. మణికట్టు దగ్గర కూడా అంతే. ఇక రంగులంటావా, గట్టిగా అరిచేది ఒకటే ఉండాలి. రెండు అరిస్తే పోట్లాటలా ఉంటుంది."

"మరి ఇరుకు చేతుల కోటు కింద లావు స్వెటర్ వేస్తే?"

"చేతులు వంగవు. బస్సులో పైన కడ్డీ కూడా పట్టుకోలేవు. వేసుకున్నది ఎంత బాగున్నా, చెయ్యి లేవకపోతే దండగ."

ఇంత నింపాదిగా మాట్లాడే మనిషి ఇంట్లో ఏం జరిగిందో చిలకకు అప్పటికి తెలియదు.

కిందటి చలికాలం చివర్లో ఆమె భర్త ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. అతను ఫ్రిజ్ మెకానిక్. ఐస్‌క్రీమ్ దుకాణాలు, ఆసుపత్రులు, కోల్డ్ స్టోరేజీలు తిరిగి చల్లబరిచే మిషన్లు బాగుచేసేవాడు. పెద్దగా మాటలుండవు కానీ చెడ్డవాడని ఎవరూ అనలేదు. ఒక ఆదివారం పొద్దున టీ తాగుతూ తాగుతూ కప్పు కింద పెట్టాడు.

"నేను వెళ్ళిపోతున్నాను," అన్నాడు. "ఇంకొకరితో ఉందామనుకుంటున్నాను. నీ తప్పేం లేదు."

ఆమె ఆ కప్పు తీసుకెళ్ళి సింకులో పెట్టింది. సంచీ అప్పటికే సర్ది గుమ్మం పక్కన ఉంది. అది తను ముందే చూసింది. పని మీద ఊరెళ్తున్నాడేమో అనుకుంది. అతను తలుపు తీస్తుంటే వెనక నుంచి అడిగింది.

"మఫ్లర్ పెట్టుకున్నారా? బయట గాలిగా ఉంది."

అతను సంచీ తడిమి చూసుకుని, "పెట్టుకున్నాను," అని మెట్లు దిగిపోయాడు.

ఈ సంగతి విన్నాక అత్తగారు చాలా రోజులు దెప్పింది. "మొగుడు పోతానంటే కాలరు పట్టుకునేవాళ్ళని చూశాను, కాళ్ళు పట్టుకునేవాళ్ళని చూశాను. మఫ్లర్ పెట్టుకున్నావా అని అడిగినదాన్ని నిన్నే చూశానే తల్లీ!"

అత్తగారు అతనితో వెళ్ళలేదు. వారం తిరక్కుండా కొడుకు వచ్చి, "అమ్మా, నువ్వూ వచ్చెయ్," అంటే ముసలావిడ కుర్చీలోంచి కదల్లేదు. "నా నస భరించడం దీనికి అలవాటైపోయింది. మళ్ళీ ఇంకోదానికి మొదట్నించీ నేర్పే ఓపిక నాకు లేదు. నువ్వెళ్ళు," అంది. ఆవిడ ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఉతికి రిటైరైన మనిషి. లోకంలో దేన్నైనా ఉతికితే ఏమవుతుందో అన్న లెక్కలోనే చూసేది. అవతలామె ఎవరో కూడా ఆవిడే కూపీ లాగింది. పళ్ళాసుపత్రిలో నర్సట. మందులు పెట్టుకునే ఫ్రిజ్ చెడిపోతే వీడు బాగుచెయ్యడానికి వెళ్ళాడట. "పళ్ళ డాక్టరు దగ్గర పనే కదా, ముందు వాడి పళ్ళు రాలగొట్టమను," అని పళ్ళు కొరికింది.

కోడలు మాత్రం ఏమీ అనలేదు. అతను వెళ్ళిన రోజు, సాయంత్రానికి ఏడుపు వస్తుందిలే అనుకుంది. దిండు పక్కన తువ్వాలు కూడా పెట్టుకుంది. రాలేదు. మర్నాడు ఆ తువ్వాలు మడిచి మళ్ళీ అలమరలో పెట్టింది. బస్సు ఇంకా రాలేదేమిటి అనుకున్నట్టే, కోపం ఇంకా రాలేదేమిటి అనుకునేది. కూరలో ఉప్పు వేసిందో లేదో నోటికి తెలిసేది కాదు. అత్తగారు ముఖం చిట్లిస్తే తెలిసేది. ఓదార్చడానికి వచ్చిన ఇరుగుపొరుగు కుర్చీ అంచున కూర్చుని, ఏడవని మనిషిని ఎలా ఓదార్చాలో తెలియక, వాళ్ళ పిల్లల చదువుల గురించి చెప్పి లేచిపోయేవారు. గుండె రాయి చేసుకుందని ఒకావిడ అంది. అసలు ప్రేమే లేదేమోనని ఇంకొకావిడ అంది. రెండూ ఆమె చెవిన పడ్డాయి. రెండూ నిజమే కావచ్చనిపించింది.

పనిలో మటుకు ఏ లోటూ రాలేదు. ఆ ఏడాది అద్దాల్లో బొమ్మలు ముందెన్నడూ లేనంత బాగున్నాయని అందరూ అన్నారు. వంకాయరంగు కోటు మీద నాచురంగు శాలువా వేసిన బొమ్మ దగ్గర జనం ఆగి ఫొటోలు తీసుకునేవారు. అది చూసే మేనేజరుకు ఆలోచన వచ్చింది.

"మేడమ్," అన్నాడు.

ఆమె సూదులు నోట్లోంచి తీసింది.

"శనివారం మధ్యాహ్నం కింద హాల్లో ఒక కార్యక్రమం పెడదాం. చలికి ఎలా వేసుకోవాలో మీరే జనానికి చూపిస్తారు. బొమ్మ మీద కాదు, మనిషి మీద. వచ్చినవాళ్ళలోంచే ఒకరిద్దర్ని పిలుద్దాం."

"నాకు జనంలో మాట్లాడటం రాదు సార్."

"మైకు చిలక పట్టుకుంటుంది. దానికి రోజూ చెప్తారు కదా, అదే చెప్పండి."

భయం వేస్తుందేమోనని ఆమె శనివారం దాకా చూసింది. అదీ వెయ్యలేదు.

శనివారం హాల్లో కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. చిలక ఎర్ర స్కార్ఫు కట్టుకుని మైకుతో అటూ ఇటూ తిరుగుతూ, "ఎవరొస్తారండీ? సిగ్గుపడకండి, బట్టలు వేస్తాం కానీ తియ్యం!" అంది. జనం గొల్లుమన్నారు. ముందు వరసలో ఆడవాళ్ళ గుంపొకటి తమలో ఒకామెను వెనక నుంచి తోశారు. ఆమె నవ్వుతూ, వద్దంటూనే వేదిక ఎక్కింది. సన్నగా, పొడుగ్గా ఉంది. ముప్పై అయిదు దాటి ఉండవు. జుట్టు బిగించి ముడి వేసుకుంది.

"మీరేం చేస్తుంటారు మేడమ్?" అని మైకు పెట్టింది చిలక.

"పళ్ళ డాక్టర్ గారి దగ్గర నర్సునండి."

అద్దాలావిడ చేతిలో హ్యాంగరు కాసేపు గాలిలోనే ఆగింది. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు చాలామంది ఉంటారు అనుకుంది. ఆ అనుకోవడం కూడా పక్కన ఎవరో అనుకుంటున్నట్టు ఉంది.

"కోటు విప్పండమ్మా," అంది.

ఆమె కోటు విప్పింది. కింద ముదురాకుపచ్చ స్వెటర్ ఉంది. మగవాళ్ళది, ఆమెకు వదులుగా వేలాడుతోంది.

"చెయ్యి పైకెత్తండి."

చెయ్యి పైకి లేచింది. చేతి వెడల్పు చూద్దామని అద్దాలావిడ మోచేతి దగ్గర పట్టుకుంది. వేళ్ళకి ఏదో గరుకుగా తగిలింది. కళ్ళకన్నా ముందు వేళ్ళకే తెలిసిపోయింది. కోల్డ్ స్టోరేజీలో ఏదో కొక్కెం తగిలి చిరిగిన చోటు అది. అదే రంగు ఉన్ని దొరక్క, పలకరంగు పోగూ ఆకుపచ్చ పోగూ కలిపి పేని, చిరుగు మీద జల్లెడలా అల్లింది తను. దగ్గర నుంచి చూస్తే తప్ప కనపడదు. ఆ రోజు అతను మిషను పక్కన బనియనుతో నిలబడి, "ఇంకా ఎంతసేపు?" అని వణికాడు.

ఆమె వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు వస్తుంది అనుకుంది. ఏదో ఒకటి, కోపమో, కళ్ళ నీళ్ళో, కాళ్ళలో వణుకో. ఎదురు చూసింది. హాల్లో ఎవరో దగ్గారు. పైన లైటు గుయ్యిమంటోంది.

"అక్కా?" అంది చిలక, మైకు చేత్తో మూసి.

"ఈ స్వెటర్ తియ్యక్కర్లేదు," అంది అద్దాలావిడ. "ఇదే మధ్యలో ఉంటుంది. మిగతావన్నీ దీని చుట్టూ చూద్దాం."

ముందు వరసలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ లేచింది. "దుకాణంలో ఇన్ని కొత్తవి పెట్టుకుని ఆ పాతదెందుకమ్మా?"

మేనేజరు స్తంభం పక్క నుంచి, అదే కదా అన్నట్టు రెండు చేతులూ చాపాడు.

"ఇంట్లో ఉన్నది పారేసి మొదలుపెట్టక్కర్లేదండి. ఇది మంచి ఉన్ని. అరిగింది కాబట్టే ఒంటికి మెత్తగా పడుతుంది. భుజం జారింది, అంతే. ఇరుకు కోటు వేస్తే జారినట్టు కనపడుతుంది. వదులు కోటు వేస్తే కావాలని వేసుకున్నట్టు ఉంటుంది."

"మా ఆయనదండీ," అని నవ్వింది నర్సు. "హడావిడిలో చేతికందింది వేసుకొచ్చేశాను."

మా ఆయన. ఆ మాట ఆమె విన్నది. విని, గొంతు దాకా వచ్చే పల్చటి బనియనూ, దాని మీదకి పొడుగు తెల్ల చొక్కా ఇచ్చి, గదిలోకి వెళ్ళి స్వెటర్ కింద అవి వేసుకుని రమ్మంది. నర్సు తిరిగి వచ్చాక చొక్కా అంచు స్వెటర్ కింద నుంచి జానెడు కనపడేలా లాగింది. చొక్కా చేతుల్ని స్వెటర్ చేతుల మీదకి ఒక మడత మడిచింది. పైన ఇటుకరంగు పొడుగు కోటు తొడిగి గుండీలు వదిలేసింది. మెడలో ఆవపువ్వు రంగు మఫ్లర్ ఒక చుట్టు చుట్టి, రెండు కొసలూ సమానంగా లేకుండా చూసింది.

"ఇప్పుడు చెయ్యెత్తండి. వంగండి. కూర్చుని లేవండి. ఎక్కడైనా పట్టేసిందా?"

"లేదండీ. అసలు ఇన్ని వేసుకున్నట్టే లేదు."

నర్సు అద్దంలో చూసుకుని నోరెళ్ళబెట్టింది. నిజంగానే బాగుంది. జనం చప్పట్లు కొట్టారు. కళ్ళజోడావిడ కూడా కొట్టింది. అద్దాలావిడ వంగి, కోటు వెనక అంటుకున్న దారపు ముక్క తీసేసింది.

అప్పుడు మెట్ల వైపు నుంచి అతను వచ్చాడు. రెండు చేతుల్లో రెండు కాగితం కప్పుల టీ. జనాన్ని తప్పించుకుంటూ, టీ ఒలక్కుండా కప్పుల వంకే చూసుకుంటూ నడిచి వస్తున్నాడు.

"ఇదిగో, ఇటు చూడు, ఎలా ఉన్నానో!" అని పిలిచింది నర్సు.

అతను తలెత్తాడు. వేదిక మీద ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు.

"బాగున్నావా?" అన్నాడు. ఎవరిని అడిగాడో అతనికే తెలిసినట్టు లేదు.

"బాగున్నావా అని నన్ను అడుగుతావేంటి? బాగున్నానని నువ్వు చెప్పాలి," అని నవ్వింది నర్సు.

"బాగానే ఉన్నాను," అంది అద్దాలావిడ. "అత్తయ్య కూడా బాగున్నారు. దగ్గు తగ్గింది."

నర్సు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, లోపలి మనిషి మాత్రం వెళ్ళిపోయినట్టు. అతని వంక చూసింది. ఈమె వంక చూసింది. తర్వాత ఎందుకో తను వేసుకున్న స్వెటర్ వంక చూసుకుంది. ఒక కప్పు వంగి టీ అతని బూటు మీద పడింది.

"చిలకా, ఇక్కడ నేల తుడిపించు. ఎవరైనా జారతారు," అంది అద్దాలావిడ.

"ఇక్కడ కాదు, బయట మాట్లాడదాం..." అని గొణిగాడు అతను.

"ఇంకొకరికి వెయ్యాలి," అని ఆమె రెండో హ్యాంగరు అందుకుంది. తర్వాత వచ్చినాయన బట్టతల ఉన్న పెద్దమనిషి, పోస్టాఫీసులో పనిచేసేవాడట. ఆయనకి గళ్ళ చొక్కా మీద చేతుల్లేని స్వెటర్, దాని మీద దూది కూరిన జాకెట్ ఎంత శ్రద్ధగా వేసిందంటే, ఆయన విప్పనంటే విప్పనని అలాగే కొనుక్కుని వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ చూసేసరికి మెట్ల దగ్గర ఎవరూ లేరు. ఇటుకరంగు కోటూ, మఫ్లరూ, చొక్కా, బనియనూ మడిచి కుర్చీ మీద పెట్టి ఉన్నాయి.

ఆ సాయంత్రం వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్తగారికి చెప్పింది.

"ఇవాళ దుకాణానికి మీ అబ్బాయి వచ్చారు. ఆ అమ్మాయి కూడా."

ముసలావిడ చేతులు ఆగాయి. "వస్తే? నువ్వేం చేశావ్?"

"ఆ అమ్మాయికి కోటు వేశాను."

"కోటా!"

"ఎవరో తెలియక ముందే పైకి పిలిచేశాం అత్తయ్యా. సగంలో ఎలా ఆపుతాం?"

"ఏ రంగు?"

"ఇటుకరంగు."

"ఉతికితే రంగు దిగుతుంది," అంది అత్తగారు. ఇంకో కాయ ఒలిచి, "నప్పిందా?" అని అడిగింది.

"నప్పింది."

ముసలావిడ ఒడిలోని కాయలన్నీ బల్ల మీదకి విసిరేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. కొడుకు ఇల్లు వదిలి వెళ్ళిన రోజు కూడా అంత ఏడవలేదు. కోడలు లేచి, నేల మీదకి దొర్లిన కాయలు ఏరి గిన్నెలో వేసి, పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"నా వంతు కూడా ఏడ్చెయ్యండి అత్తయ్యా," అంది. వెటకారంగా కాదు, సహాయం అడిగినట్టే అంది.

తర్వాతి వారం, దుకాణం అప్పుడే తెరిచారు, జనం ఇంకా రాలేదు. నర్సు వచ్చింది. పైన పల్చటి కోటు ఒక్కటే ఉంది, ముక్కు ఎర్రబడింది. చేతిలో సంచీ. అందులో ఆకుపచ్చ స్వెటర్, ఉతికి, మడిచి ఉంది. అద్దాలావిడ బొమ్మ నడుము వెనక సూదులు గుచ్చుతోంది. చిలకను టీ తెమ్మని పంపేసింది.

"నాకు తెలియదండీ," అంది నర్సు నిలబడే. "మీరిద్దరూ ఎప్పుడో విడిపోయారని చెప్పాడు. మీరు మీ పుట్టింటికి వెళ్ళిపోయారన్నాడు."

"నాకు పుట్టిల్లు లేదమ్మా. ఎప్పుడో పోయింది."

"వాళ్ళమ్మ మీ దగ్గరే ఉంటుందని కూడా చెప్పలేదు."

"ఆవిడ ఎక్కడున్నా చెప్పాల్సిన అవసరం రాదు. నాలుగిళ్ళకి వినపడుతుంది."

నర్సుకి నవ్వాలో వద్దో తెలియలేదు. "ఇంట్లోంచి పొమ్మన్నాను," అంది. "పోలేదు. ఏం మాట్లాడడు. బాగానే ఉన్న ఫ్రిజ్ విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు."

"మా ఇంట్లో ఉన్నప్పుడు ఫ్యాను విప్పేవారు."

బయట బస్సు ఆగి, జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

"ఆ రోజు మీకు తెలిసిపోయింది కదా? నా చెయ్యి పట్టుకున్నప్పుడే. అంతమంది ముందు... మీకేం అనిపించలేదా?"

అద్దాలావిడ ఆలోచించి చెప్పింది. "అనిపించాలి. ఇంకా అనిపించలేదు."

"మా దగ్గర పన్ను పీకే ముందు మత్తు సూది వేస్తామండి. పెదవి కొరుక్కుని రక్తం వచ్చినా తెలియదు వాళ్ళకి. చాలా బాగుంది, నొప్పే లేదు అంటారు."

"ఎంతసేపటికి దిగుతుంది?"

"మనిషిని బట్టి," అంది నర్సు, తల వంచుకుని. తర్వాత సంచీ ముందుకు చాపింది. "ఇది మీకిచ్చేద్దామని."

"నాది కాదమ్మా, ఆయనది. ఆయనకైనా ఇవ్వండి, మీరైనా ఉంచుకోండి. రెండో మోచెయ్యి కూడా పల్చబడింది. చిరక్కముందే లోపలి వైపు నుంచి కుట్టు వేయించండి. చిరిగాక కష్టం." ఆమె మళ్ళీ బొమ్మ వైపు తిరిగి, అంతలోనే వెనక్కి చూసింది. "ఇంత చలిలో చేత్తో పట్టుకుని పోతారా? వేసుకుని వెళ్ళండి."

నర్సు అక్కడే కోటు విప్పి స్వెటర్ వేసుకుని, దాని మీద కోటు వేసుకుంది. ఇరుకు కోటు. భుజాల దగ్గర ముడతలు పడింది. అద్దాలావిడ చూసింది కానీ సరిచెయ్యలేదు.

ఆ తర్వాత జరిగినవి ఒక్కొక్కటే, పెద్ద గొడవేం లేకుండా జరిగాయి. ఎండలు ముదిరేలోపే నర్సు అతన్ని నిజంగానే పంపించేసింది. అతను కోల్డ్ స్టోరేజీ వెనక ఒక గది తీసుకున్నాడు. ఆదివారాలు తల్లిని చూడటానికి వచ్చి, చెప్పులు బయట విడిచి, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చునేవాడు. తల్లి అతన్ని తిట్టేది, తిట్టాక తిన్నావా అని అడిగేది. కోడలు టీ ఇచ్చి లోపలి గదిలోకి వెళ్ళేది. ఒక ఆదివారం అతను ఆ గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"తిరిగి రానా?" అన్నాడు.

"వద్దు," అంది ఆమె.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"కోపమా?"

"కాదు."

"మరెందుకు?"

"తెలియదు. వద్దు."

అతను తలూపాడు. వెళ్తూ వెళ్తూ, ఎప్పుడూ చప్పుడు చేసే వాళ్ళ ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి ఏదో బిగించాడు. చప్పుడు ఆగింది. అతనికి చేతనైంది అదొక్కటే. చిలకకు ఈ సంగతులన్నీ చివరికి తెలిశాయి. తెలిశాక వారం రోజులు ఆమెతో గొంతు తగ్గించి మాట్లాడింది. "ఏం, జలుబా?" అని అద్దాలావిడ అడిగాక మళ్ళీ మామూలైంది.

మరుసటి చలికాలానికి ముందు మేనేజరు "మేడమ్" అన్నాడు. వేరే ఊళ్ళో కొత్త దుకాణం తెరుస్తున్నారట. సీజను అంతా అక్కడే ఉండి అద్దాలు సర్దాలి, మనుషులకు పని నేర్పాలి. ఆమె ఇంటికొచ్చి చెప్పేసరికి అత్తగారు పెట్టె కిందకి దింపి, "అక్కడి నీళ్ళు ఎలాంటివో, బట్టలు పచ్చబడతాయేమో కనుక్కున్నావా?" అంది. తను వస్తానని గానీ రానని గానీ అననే లేదు.

కొత్త దుకాణంలో ఇంకా రంగుల వాసన పోలేదు. అద్దాల మీద సున్నపు చుక్కలున్నాయి. బొమ్మలు పెట్టెల్లో వచ్చాయి. పొద్దున్నించీ ఒక్కొక్కటే విప్పి బిగిస్తుంటే, ఒక బొమ్మకి కుడిచెయ్యి బదులు రెండూ ఎడమ చేతులే పంపారని తేలింది. అక్కడి పనివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మర్నాడే దుకాణం తెరవాలి. ఆమె అదనపు చెయ్యి పక్కన పెట్టేసి, మిగిలిన పని మొదలుపెట్టింది. పల్చటి చొక్కా. దాని మీద నేరేడు రంగు స్వెటర్. స్వెటర్ కుడివైపు ఖాళీ చెయ్యి లోపలికి మడిచి సూదులు గుచ్చింది. పైన బూడిదరంగు కోటు తొడగకుండా భుజాల మీద కప్పినట్టు వేసింది. ఈ కాలం పిల్లలు అలా వేసుకుంటున్నారు కూడా.

అత్తగారు ఊరు చూసొస్తానని బయటికి వెళ్ళింది. వెళ్ళి అద్దాల అవతలే నిలబడి ఎవరో పెద్దాయనతో చేతులు తిప్పుతూ వాదిస్తోంది. కాసేపటికి రొప్పుకుంటూ లోపలికొచ్చింది.

"బయట ఒకాయన ఈ బొమ్మకి చెయ్యి లేదంటున్నాడు."

"లేదు అత్తయ్యా."

"నేను ఉందన్నాను."

ఆమె కోటు కాలరు సర్దుతూ ఆగింది.

"చలి కదా, కోటు లోపల పెట్టుకుందని చెప్పాను. సరేలే అని వెళ్ళిపోయాడు."

ఇద్దరూ వెనక్కి జరిగి బొమ్మను చూశారు. అత్తగారు తల ఒక పక్కకి వంచి, కోటు అంచు రెండు వేళ్ళతో నలిపి చూసింది. "ఇది ఉతికినా ఏం కాదు," అంది.

"ఆ సూదుల డబ్బా ఇలా ఇవ్వండి," అంది కోడలు.